బెంగళూరు బల్ల మీద ఇంగ్లండ్ ఆట

బెంగళూరు కంటోన్మెంట్ స్టేషన్‌లో దిగి బయటికొస్తే వసంతనగర్ ఎంతో దూరం లేదు. అక్కడ మిల్లర్స్ ట్యాంక్ బండ్ రోడ్డు అని ఒకటుంది. ఒకప్పుడు కంటోన్మెంట్ దాహం తీర్చిన చెరువులు ఉన్న చోటు అది. చెరువు పోయింది, పేరు మిగిలింది. ఆ రోడ్డు పక్కనే కర్ణాటక రాష్ట్ర బిలియర్డ్స్ సంఘం ఉంది. ఊళ్ళో ఆట తెలిసిన వాళ్ళందరికీ అది కేఎస్‌బీఏ. చిన్నస్వామి స్టేడియం ముందు ఆగినట్టు దీని ముందు ఎవరూ ఆగరు, ఫొటోలు దిగరు. కానీ ప్రపంచ టైటిళ్ళ లెక్క తీస్తే ఈ నగరంలో ఏ మైదానమూ దీని దరిదాపుల్లోకి రాదు. ఇక్కడ ఆట నేర్చుకున్న ఒక్క పంకజ్ అద్వానీయే 2024 చివరికి 28 ప్రపంచ టైటిళ్ళు గెలిచాడు.

పంకజ్ పుట్టింది 1985 జూలైలో. అదే ఏడాది మార్చిలో లండన్ శివారు రొంఫోర్డ్‌లో మాథ్యూ సెల్ట్ అనే ఇంకో పిల్లవాడు పుట్టాడు. అతనూ స్నూకర్ ఆటగాడే అయ్యాడు, ఇంగ్లండ్ ప్రొఫెషనల్ టూర్‌లో బతుకు వెతుక్కున్నాడు. వయసు ఒకటే, ఆట ఒకటే, బల్ల కొలతలూ ఒకటే. ఇద్దరి జీవితాలూ మాత్రం పూర్తిగా వేరు దారుల్లో నడిచాయి. ఆ తేడా ఎక్కడ వచ్చిందో అర్థమైతే బెంగళూరు ఈ ఆటకు ఏం చేసిందో, ఇంకా ఏం చేయాలో అర్థమవుతుంది. ఈ కథనం అందుకే.

ముందు బల్ల సంగతి. స్నూకర్ బల్ల పన్నెండు అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. పైన పచ్చటి ఉన్ని బట్ట, దాని కింద అయిదు రాతి పలకలు. మొత్తం బరువు టన్నుకు పైనే. చుట్టూ తిరిగి క్యూ అనే పొడవాటి కర్ర ఆడించాలంటే కనీసం 22 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు ఉన్న గది కావాలి. బ్యాటూ బంతీ కొనిచ్చి వీధిలోకి పంపితే పిల్లవాడు క్రికెట్ నేర్చుకుంటాడు. స్నూకర్‌కు ఆ వీలు లేదు. మధ్యతరగతి ఇంట్లో హాలూ పడగ్గదీ కలిపినా ఈ బల్ల పట్టదు. కాబట్టి ఈ ఆట ఎవరికి దక్కుతుందన్నది తలుపు తెరిచే సంస్థ మీదే ఆధారపడి ఉంది. వందేళ్ళకు పైగా మన దేశంలో ఆ తలుపులన్నీ క్లబ్బులవే.

బెంగళూరులో ఆ క్లబ్బుల చరిత్ర కంటోన్మెంట్‌తోనే మొదలైంది. 1809లో బ్రిటిష్ సైన్యం ఇక్కడ దండు వేసింది. 1868లో బెంగళూరు యునైటెడ్ సర్వీసెస్ క్లబ్ వెలసింది, ఇప్పటి బెంగళూరు క్లబ్ అదే. 1896లో సైనికాధికారిగా ఈ ఊరొచ్చిన విన్‌స్టన్ చర్చిల్ ఆ క్లబ్బుకు 13 రూపాయల బాకీ పడ్డ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. అధికారులకు సాయంత్రం పూట కాలక్షేపం బిలియర్డ్స్. బల్లలు సముద్రం మీద వచ్చేవి. స్కోరు చెప్పడానికి, బంతులు తీసిపెట్టడానికి, క్యూలు తుడిచి ఉంచడానికి మార్కర్ అనే ఉద్యోగి ఉండేవాడు. మార్కర్‌గా చేరిన వాళ్ళలో చాలామంది స్థానికులే. దొరల ఆట చూసి చూసి వాళ్ళను మించి ఆడగలిగిన మార్కర్లు మన క్లబ్బుల్లో ఎందరో ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ రికార్డు పుస్తకంలోనూ లేవు. ఈ ఆట చరిత్ర రాసేవాళ్ళు వాళ్ళను తలుచుకోకుండా ముందుకు పోకూడదని నాకనిపిస్తుంది.

స్నూకర్ పుట్టిందే మన గడ్డ మీద. 1875లో జబల్పూర్ సైనిక శిబిరంలో నెవిల్ చాంబర్లేన్ అనే యువ అధికారి అప్పటికే ఉన్న ఆటకు రంగు బంతులు కలిపాడని, 1882లో ఊటీ క్లబ్బులో నియమాలు రాసి పెట్టారని చరిత్ర. ఊటీ బెంగళూరుకు ఒక్క రోజు ప్రయాణం. ఆ ఆటను ఇంగ్లండ్‌కు మోసుకెళ్ళినవాడు జాన్ రాబర్ట్స్ జూనియర్ అంటారు. 1885లో కలకత్తాలో చాంబర్లేన్‌ను కలిసి నియమాలు తెలుసుకున్నాడట.

ఈ రాబర్ట్స్ గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో అతన్ని మించిన బిలియర్డ్స్ ప్రొఫెషనల్ లేడు. అయినా పందెం డబ్బు, ప్రదర్శన టిక్కెట్ల డబ్బు తప్ప అతనికి స్థిరమైన ఆదాయం లేదు. ఆ స్థిరత్వం ఇచ్చింది జైపూర్ మహారాజా. ఏడాదికి 500 పౌండ్ల జీతం మీద అతన్ని ఆస్థాన బిలియర్డ్స్ ఆటగాడిగా పెట్టుకున్నాడు. ఇంగ్లండ్ ప్రొఫెషనల్‌కు ఇండియా నుంచి జీతం! అప్పట్నుంచి నేటివరకూ ఈ ఆటలో ప్రతి ఆటగాడి కెరీర్‌నూ తేల్చే ప్రశ్న ఒకటే. నెలాఖరుకు డబ్బు ఎవరిస్తారు? క్యూ పట్టుకున్న చేతిలో ఎంత కళ ఉన్నా, ఈ ప్రశ్నకు జవాబు దొరక్కపోతే ఆట ఆగిపోతుంది.

ఇక పంకజ్ దగ్గరికొద్దాం. సింధీ కుటుంబం. పుట్టింది పుణెలో, పసితనం గడిచింది కువైట్‌లో. 1990లో ఇరాక్ కువైట్ మీద పడ్డాక కుటుంబం బెంగళూరు చేరింది. తండ్రి పోయేనాటికి పంకజ్‌కు ఆరేళ్ళు. తల్లి ఇద్దరు కొడుకులనూ ఒంటిచేత్తో పెంచింది. అన్న శ్రీ అద్వానీ స్నూకర్ ఆడటానికి వెళ్తుంటే పదేళ్ళ తమ్ముడు వెంటపడి వెళ్ళాడు. చూస్తూ కూర్చున్నవాడు ఒక రోజు క్యూ అందుకున్నాడు. ఆ అన్నే తరవాత క్రీడా మనస్తత్వ నిపుణుడై తమ్ముడి మనసు చెదరకుండా చూసుకునే బాధ్యత తీసుకున్నాడు. ఫ్రాంక్ ఆంథనీ పబ్లిక్ స్కూల్లో చదువు, బడి వదిలాక కేఎస్‌బీఏ. అక్కడ అర్వింద్ సవూర్ ఉన్నారు.

సవూర్ గారు జాతీయ స్నూకర్ ఛాంపియన్‌గా పేరు తెచ్చుకున్న ఆటగాడు. తన ఆట అయిపోయాక తన విద్యను ఊళ్ళో పిల్లలకు ఇవ్వడానికి నిలబడ్డారు. బెంగళూరు అదృష్టం ఇక్కడే ఉంది. బల్లలున్న క్లబ్బులు దేశంలో చాలా ఊళ్ళలో ఉన్నాయి. కలకత్తాలో ఉన్నాయి, ముంబయిలో ఉన్నాయి, మన సికింద్రాబాద్ క్లబ్బులోనూ ఉన్నాయి. కానీ సభ్యుడి కొడుకు కానివాడు, బడి సంచీ భుజాన ఉన్నవాడు నేరుగా వెళ్ళి మంచి బల్ల మీద మంచి గురువు దగ్గర నేర్చుకోగలిగిన చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. రాష్ట్ర సంఘానికి సొంత హాలు ఉండటం, ఆ హాలులో గురువు ఉండటం, రెండూ ఒకేచోట కుదిరిన ఊరు బెంగళూరు.

ఆ హాలులాంటి చోట పొద్దున్నే ఏం జరుగుతుందో చూస్తే ఈ ఆట స్వభావం తెలుస్తుంది. ఆట మొదలవకముందు బల్లను బ్రష్‌తో తుడుస్తారు, తరవాత బరువైన ఇస్త్రీపెట్టె పెడతారు. ఉన్ని బట్టకు నూగు ఉంటుంది. అది ఒకే వైపు, ఆట మొదలెట్టే కొస నుంచి నల్ల బంతి ఉండే కొసకు, వాలి ఉంటుంది. తుడిచినా ఇస్త్రీ చేసినా ఆ దిశలోనే చేయాలి. ఎదురు తుడిస్తే బంతి దారి తప్పుతుంది. మెల్లగా కొట్టిన బంతి నూగుకు ఎదురు పోయేటప్పుడు చివర్లో కొద్దిగా పక్కకు ఒరుగుతుంది. చూసేవాడికి కనపడదు, ఆడేవాడు ఆ వెంట్రుకవాసిని లెక్కలో వేసుకునే కొడతాడు. గాలిలో తేమ పెరిగితే బట్ట బరువెక్కి బంతి నెమ్మదిస్తుంది, కుషన్లు వేరే రకంగా స్పందిస్తాయి. పెద్ద ప్రొఫెషనల్ టోర్నీల్లో బల్ల కింద వేడి చేసే ఏర్పాటు ఉండేది అందుకే. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తులో, పెద్దగా ఉక్కపోత ఎరుగని బెంగళూరు గాలి ఈ ఆటకు అనుకూలం. చెన్నైలోనో విశాఖలోనో ఆ పని యంత్రాలతో చేయాల్సి వస్తుంది.

ఇంకో సంగతి. సవూర్ గారి శిష్యుడు స్నూకర్‌తో పాటు బిలియర్డ్స్ కూడా నేర్చుకున్నాడు. బిలియర్డ్స్‌లో మూడే బంతులు. తెలుపు, పసుపు, ఎరుపు. తన బంతి మిగతా రెండింటినీ తాకితే రెండు పాయింట్లు, ఎర్ర బంతిని పాకెట్‌లో వేస్తే మూడు, ఎర్ర బంతిని తాకి తన బంతే పాకెట్‌లో పడితే మూడు. స్నూకర్‌లో తెల్ల బంతిని అదుపులో పెడితే చాలావరకు సరిపోతుంది. బిలియర్డ్స్‌లో మూడు బంతులూ దెబ్బ తరవాత ఎక్కడ ఆగుతాయో ముందే తెలియాలి. గంటల తరబడి ఒకే మూలలో అంగుళాల తేడాతో బంతులు కదిలించే ఓపిక కావాలి. ఇంగ్లండ్‌లో టీవీ వచ్చాక రంగుల స్నూకర్ ముందుకొచ్చి బిలియర్డ్స్ మూలకు పోయింది. ఇండియాలో మాత్రం పాత ఆట బతికింది. 1958లో విల్సన్ జోన్స్ కలకత్తాలో ప్రపంచ బిలియర్డ్స్ ఛాంపియన్ అయ్యాడు, ఏ క్రీడలోనైనా అంత ఎత్తుకు చేరిన తొలి భారతీయుడు ఆయనే. ఆ తరవాత మైకేల్ ఫెరీరా, గీత్ సేఠీ. ఆ వరసలోనే పంకజ్.

2003 అక్టోబరులో చైనాలోని జియాంగ్‌మెన్‌లో పద్దెనిమిదేళ్ళ పంకజ్ ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ ఛాంపియన్ అయ్యాడు. 2005లో మాల్టాలో ప్రపంచ బిలియర్డ్స్ టైటిల్‌ను రెండు పద్ధతుల్లోనూ, అంటే సమయం పెట్టి ఆడే పోటీలోనూ పాయింట్లు పెట్టి ఆడే పోటీలోనూ, ఒకే విడతలో గెలిచాడు. 2008లో అదే పని సొంతూరు బెంగళూరులో చేశాడు. 2009లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో, ఆ ఆటకు రెండు దశాబ్దాలుగా రాజులా వెలిగిన ఇంగ్లండ్ ప్రొఫెషనల్ మైక్ రసెల్‌ను ఫైనల్లో 2030–1253 తేడాతో ఓడించాడు. 2006 దోహా, 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బిలియర్డ్స్ స్వర్ణాలు. ఖేల్ రత్న, పద్మశ్రీ, తరవాత 2018లో పద్మభూషణ్.

ఇన్ని గెలిచినవాడికి ఒక ప్రశ్న మాత్రం ఎక్కడికెళ్ళినా ఎదురయ్యేది. ప్రొఫెషనల్ స్నూకర్ ఎప్పుడు ఆడతావు? ఎందుకంటే స్నూకర్‌లో అసలు శిఖరం షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్. 1977 నుంచి ప్రపంచ ప్రొఫెషనల్ ఛాంపియన్‌షిప్ అక్కడే జరుగుతోంది. వెయ్యి మంది కూడా పట్టని హాలు, దాని గోడల మధ్య ఆడటం కోసమే వందల మంది జీవితాలు ధారపోస్తారు. 2012లో పంకజ్ ఆ టూర్‌లో చేరాడు.

టూర్ అంటే ఏమిటో సెల్ట్‌ను చూస్తే తెలుస్తుంది. 2002లో పదిహేడేళ్ళకే ప్రొఫెషనల్ అయ్యాడు. టూర్‌లో చోటు శాశ్వతం కాదు. కొత్తగా వచ్చినవాడికి సాధారణంగా రెండేళ్ళ గడువు. ఆ రెండేళ్ళలో సంపాదించిన ప్రైజ్ మనీని బట్టి ర్యాంకు. మొదటి 64 మందిలో లేకపోతే బయటికి. మళ్ళీ కావాలంటే అర్హత పోటీల్లో అమెచ్యూర్లతో కలిసి మొదటినుంచి ఎక్కాలి. సెల్ట్ కూడా మధ్యలో జారిపడి మళ్ళీ ఎక్కినవాడే. నెల జీతం లేదు. రైలు టిక్కెట్టు, హోటల్ గది, ప్రాక్టీసు బల్ల అద్దె, అన్నీ సొంత జేబులోంచే. మొదటి రౌండులో ఓడితే ఖర్చే మిగిలేది. ఏడాదికి 20 వేల పౌండ్ల కనీస ఆదాయానికి హామీ ఇచ్చే ఏర్పాటు టూర్ నిర్వాహకులు మొదలుపెట్టింది 2022–23 సీజన్‌లో, అదీ ప్రయోగంగా. అప్పటికి సెల్ట్ టూర్‌లో అడుగుపెట్టి ఇరవై ఏళ్ళు.

అతను తన మొదటి ర్యాంకింగ్ టైటిల్, అంటే ర్యాంకుల లెక్కలోకి వచ్చే టోర్నీ, ఎక్కడ గెలిచాడో తెలుసా? కొచ్చిలో. 2019 ఇండియన్ ఓపెన్ ఫైనల్లో చైనా ఆటగాడు ల్యూ హావోటియన్‌ను 5–3తో ఓడించాడు. వయసు ముప్పై మూడు. టూర్‌లో చేరిన పదిహేడో ఏట వచ్చిన తొలి పెద్ద విజయం. బహుమతి 50 వేల పౌండ్లు, అప్పటి లెక్కన సుమారు 45 లక్షల రూపాయలు. రొంఫోర్డ్ కుర్రవాడి ఎదురుచూపు కేరళ తీరంలో తీరింది. అన్నేళ్ళు ఓర్చుకుని నిలబడ్డ అతని పట్ల నాకు గౌరవం ఉంది. కానీ ఆ ఓర్పుకు ఇంగ్లండ్‌లో పుట్టడం ఎంత సాయపడిందో కూడా చూడాలి. ఓడిన రాత్రి అతను కారెక్కి ఇంటికి పోగలడు. మర్నాడు ఊళ్ళో తన స్థాయి ప్రొఫెషనల్‌తో సాధన చేయగలడు. వీసా అక్కర్లేదు, తిండి మారదు.

పంకజ్‌కు ఆ వెసులుబాటు లేదు. అప్పటి పద్ధతిలో కింది ర్యాంకుల వాళ్ళు టీవీలో కనిపించే ప్రధాన పోటీకి చేరాలంటే ముందు నాలుగు అర్హత మ్యాచ్‌లు గెలవాలి. అవి దాదాపు అన్నీ ఇంగ్లండ్‌లోనే, ప్రేక్షకులు లేని గదుల్లో. ఒక్క మ్యాచ్ కోసం ఖండాలు దాటి వెళ్ళడం, ఓడితే మళ్ళీ తరవాతి దాని కోసం ఎదురుచూడటం. అయినా 2013 ఫిబ్రవరిలో వెల్ష్ ఓపెన్‌లో క్వార్టర్ ఫైనల్ చేరాడు. ర్యాంకింగ్ టోర్నీలో అంత దూరం వెళ్ళిన తొలి భారతీయుడు అతనే. అక్కడ ఆపినవాడు జడ్ ట్రంప్, 2019లో ప్రపంచ ఛాంపియన్ అయిన ఇంగ్లండ్ స్టార్. అదే ఏడాది ఢిల్లీలో తొలి ఇండియన్ ఓపెన్ జరిగితే ముంబయి కుర్రవాడు ఆదిత్య మెహతా ఏకంగా ఫైనల్ చేరి డింగ్ జున్‌హుయి చేతిలో ఓడాడు. మన వాళ్ళకు ఆ స్థాయి లేదని అనడానికి ఇక వీల్లేకుండా పోయింది.

2014లో పంకజ్ టూర్ వదిలి బెంగళూరు తిరిగొచ్చాడు. రెండు ఆటలనూ ఒక క్యాలెండర్‌లో ఇమడ్చడం కుదరలేదు. ఇల్లు, అమ్మ, అన్న, తన హాలు ఇక్కడ ఉన్నాయి. అప్పట్లో దీన్ని వెనకడుగు అన్నవాళ్ళున్నారు. నా మటుకు నాకు అతని కెరీర్‌లో అతి సరైన నిర్ణయం ఇదే అనిపిస్తుంది. ఎందుకంటే అతనికి ఇక్కడ రాబర్ట్స్‌కు జైపూర్ ఇచ్చినటువంటి ఆసరా ఉంది. పంకజ్ ఓఎన్‌జీసీ ఉద్యోగి. మన దేశంలో క్యూ ఆటలు నిలబడ్డది ప్రభుత్వ రంగ చమురు సంస్థల ఉద్యోగాల మీద. జాతీయ పోటీల్లో పెట్రోలియం స్పోర్ట్స్ ప్రమోషన్ బోర్డు జట్టుదే తరచూ పైచేయి. ఒకటో తారీఖున జీతం పడుతుంది, టోర్నీలకు సెలవు దొరుకుతుంది, ఒక మ్యాచ్ ఓడితే ఇంటద్దె గురించి దిగులుండదు. మన పంకజ్‌కు దొరికిన ఈ నిశ్చింత ఇంగ్లండ్‌లో పుట్టిన సెల్ట్‌కు దొరకలేదు.

తిరిగొచ్చాక పంకజ్ ఆడిన ఆట చూడండి. 2014 అక్టోబరులో లీడ్స్‌లో ప్రపంచ బిలియర్డ్స్ రెండు పద్ధతుల్లోనూ విజేత. 2015లో కరాచీలో సిక్స్ రెడ్ (ఆరు ఎర్ర బంతులతో ఆడే) స్నూకర్ ప్రపంచ టైటిల్, అడిలైడ్‌లో బిలియర్డ్స్, ఈజిప్టులోని హుర్ఘాడాలో స్నూకర్. హుర్ఘాడా ఫైనల్లో 8–6 తేడాతో అతని చేతిలో ఓడిన కుర్రవాడి పేరు ఝావో షిన్‌టాంగ్. పదేళ్ళ తరవాత, 2025లో, ఆ ఝావో క్రూసిబుల్‌లో మార్క్ విలియమ్స్‌ను ఓడించి చైనా తరఫున తొలి ప్రపంచ ప్రొఫెషనల్ ఛాంపియన్ అయ్యాడు. మ్యాచ్ ఫిక్సింగ్ వివాదంలో నిషేధం అనుభవించి తిరిగొచ్చి గెలిచాడన్నది వేరే కథ. మనకు కావలసింది ఒక్కటే. క్రూసిబుల్ గెలిచిన చేతిని బెంగళూరు చేయి ఒకప్పుడు ఫైనల్లో ఓడించింది.

2016 డిసెంబరులో మళ్ళీ బెంగళూరులోనే ప్రపంచ బిలియర్డ్స్. 150 పాయింట్ల గేముల ఫైనల్లో ఎదురుగా పీటర్ గిల్‌క్రిస్ట్. ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బరోలో పుట్టి, సింగపూర్ వెళ్ళి అక్కడి పౌరుడైన ప్రొఫెషనల్. 2007లో న్యూజిలాండ్‌లో 1346 పాయింట్ల బ్రేక్, అంటే గురి తప్పకుండా ఒకే విడతలో చేసే స్కోరు, ఆడిన ఘనుడు. జీతం ఎక్కడుంటే ఆట అక్కడికి పోతుందనడానికి ఆయన జీవితమే సాక్ష్యం. అక్కడ కోచ్ ఉద్యోగం, ఇక్కడ ప్రపంచ పోటీలు. ఆ ఫైనల్‌ను పంకజ్ 6–3తో గెలిచాడు.

బెంగళూరు తన పిల్లలకే కాదు, బయటి వాళ్ళకూ మెట్టయింది. 2011లో ఇక్కడ జరిగిన ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్‌లో ఇరాన్ కుర్రవాడు హొస్సేన్ వఫాయీ ఫైనల్లో వేల్స్‌కు చెందిన లీ వాకర్‌ను 10–9తో, ఆఖరి ఫ్రేమ్‌లో, అంటే ఆఖరి గేములో, ఓడించాడు. ఆ టైటిల్‌తోనే ప్రొఫెషనల్ టూర్ తలుపు తెరుచుకుంది. 2022లో ర్యాంకింగ్ టైటిల్ గెలిచిన తొలి ఇరానీయుడు అయ్యాడు. 2014 నవంబరులో కంఠీరవ ఇండోర్ స్టేడియంలో పద్నాలుగేళ్ళ యాన్ బింగ్‌టావో పాకిస్తాన్ ఆటగాడు మహమ్మద్ సజ్జాద్‌ను 8–7తో ఓడించాడు. ఏడేళ్ళు తిరగకముందే 2021లో మాస్టర్స్ అనే పెద్ద ప్రొఫెషనల్ టోర్నీ గెలిచాడు. అంతకుముందు 1990లో మనోజ్ కొఠారి ప్రపంచ బిలియర్డ్స్ గెలిచిందీ ఈ ఊళ్ళోనే. ఆయన కొడుకు సౌరవ్ కొఠారి 2025లో ఐర్లండ్‌లోని కార్లోలో ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఫైనల్లో ఓడించింది ఎవరినో కాదు, పంకజ్‌నే.

ఆడపిల్లల సంగతి చెప్పకపోతే బెంగళూరు కథ సగమే. ఇక్కడి చిత్రా మగిమైరాజ్ 2006, 2007లలో మహిళల ప్రపంచ బిలియర్డ్స్ ఛాంపియన్. పార్లర్లలో ఆడపిల్ల క్యూ పట్టుకుంటే వింతగా చూసిన రోజుల్లో సాధించింది. ఈ ఊళ్ళోనే సాధన చేసిన విద్యా పిళ్ళై 2017లో సింగపూర్‌లో మహిళల ప్రపంచ స్నూకర్ ఫైనల్లో హాంకాంగ్‌కు చెందిన ఎన్‌జీ ఆన్ యీ చేతిలో 5–6తో, ఒక్క ఫ్రేమ్ తేడాతో ఓడింది. ఒక్క ఫ్రేమ్! వీళ్ళ పేర్లు మన బడి పిల్లలకు తెలియకపోవడం నిజంగా బాధాకరం.

మన తెలుగు నేలకూ ఈ ఆటలో వాటా ఉంది. 1980ల చివర్లో గుంటూరులో జాతీయ పోటీలు జరిగినప్పుడు గీత్ సేఠీ యాసీన్ మర్చంట్ మీద 147 పాయింట్ల బ్రేక్ ఆడాడు. పదిహేను ఎర్ర బంతులూ, ఒక్కోదాని తరవాత నల్ల బంతీ, చివర్లో రంగు బంతులన్నీ వరసగా పాకెట్‌లో వేస్తే వచ్చే గరిష్ఠ స్కోరు అది. అధికారిక పోటీలో ఒక అమెచ్యూర్ 147 ఆడటం ప్రపంచంలోనే అది తొలిసారి. ఆ ఘనత జరిగిన ఊరు మిర్చి యార్డు ఉన్న మన గుంటూరు.

ఆ తరవాత టూరే మన దగ్గరికొచ్చింది. 2016 జూలైలో ఇండియన్ ఓపెన్ హైదరాబాద్‌లో జరిగింది. ఫైనల్లో స్కాట్లండ్‌కు చెందిన ఆంథనీ మెక్‌గిల్, ఇంగ్లండ్ కుర్రవాడు కైరన్ విల్సన్‌ను 5–2తో ఓడించాడు. హైదరాబాద్‌లో ఓడిన ఆ విల్సన్ 2024లో క్రూసిబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 2017 సెప్టెంబరులో విశాఖపట్నం వంతు. నాలుగు సార్లు ప్రపంచ ఛాంపియన్ జాన్ హిగ్గిన్స్ సాగర తీరాన అదే మెక్‌గిల్‌ను 5–1తో ఓడించి కప్పు ఎత్తాడు. అంతటి ఆటగాళ్ళు మన ఊళ్ళకొచ్చి ఆడితే మనలో ఎంతమందికి తెలిసింది? క్రికెట్ అయితే విమానాశ్రయం నుంచి స్టేడియం దాకా జనం బారులు తీరేవాళ్ళు.

ఇందుకు మన ఆలోచనలోనూ లోపం ఉంది. మన సినిమాల్లో స్నూకర్ పార్లర్ అంటే సిగరెట్ పొగ, రౌడీలు, క్యూలతో కొట్లాట. పిల్లవాడు పార్లర్‌కు వెళ్తున్నాడంటే చెడిపోతున్నాడనే అర్థం. సరైన వెలుతురు, ఇస్త్రీ చేసిన బల్ల, నేర్పే గురువు ఉన్న చోటుకూ, గంటకింత అని అద్దె తీసుకుని వదిలేసే చోటుకూ తేడా తల్లిదండ్రులకు ఎవరూ చూపించలేదు. మారతహళ్ళిలో, హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే తెలుగు యువత శుక్రవారం రాత్రి పార్లర్లలో కనిపిస్తారు. సరదాకు ఆడే వాళ్ళు సరే. వాళ్ళ పిల్లల్లో ఒక్కరు పదేళ్ళ వయసులో సరైన హాలులోకి అడుగుపెడితే ఏమవుతుందో పంకజ్ చూపించాడు.

ఇక అసలు మాట. ఇండియన్ ఓపెన్ ఢిల్లీలో జరిగింది, ముంబయిలో జరిగింది, హైదరాబాద్, విశాఖ, కొచ్చిలలో జరిగింది. బెంగళూరులో ఒక్కసారి కూడా జరగలేదు. 2019 కొచ్చి తరవాత ఎక్కడా జరగలేదు. ముంబయి కుర్రవాడు ఇష్‌ప్రీత్ సింగ్ చడ్డా 2023 నుంచి టూర్‌లో ఆడుతున్నాడు, ఇంకొందరు అర్హత పోటీల గుమ్మం దగ్గర ఉన్నారు. ఏడాదికి ఒక్క ర్యాంకింగ్ టోర్నీ ఇక్కడ జరిగినా, మన కుర్రవాళ్ళకు వైల్డ్ కార్డులు దొరుకుతాయి, స్పాన్సర్లు వస్తారు, ఇంగ్లండ్‌లో ఒంటరిగా ఓడే మ్యాచ్‌లలో కొన్నైనా సొంత జనం ముందు గెలిచే మ్యాచ్‌లవుతాయి. చైనా చేసిందదే. టోర్నీలను తన ఊళ్ళకు రప్పించుకుంది, ఆ తరవాతే ఝావో లాంటి ఛాంపియన్ పుట్టాడు. చమురు సంస్థల ఉద్యోగాలు మనకు అమెచ్యూర్ ఛాంపియన్లను ఇచ్చాయి. ప్రొఫెషనల్ ఛాంపియన్ కావాలంటే ఆ జీతానికి తోడు సొంతగడ్డ మీద టోర్నీ కావాలి.

బిలియర్డ్స్ అండ్ స్నూకర్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా, కర్ణాటక ప్రభుత్వం, కేఎస్‌బీఏ కలిసి ఇండియన్ ఓపెన్‌ను మళ్ళీ మొదలుపెట్టాలి, ఈసారి బెంగళూరులో. 2014లో ప్రపంచ పోటీలు నడిపిన కంఠీరవ ఇండోర్ స్టేడియం ఉండనే ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సంఘాలు ఒక ఏడాది విశాఖకు, ఒక ఏడాది హైదరాబాద్‌కు దాన్ని అడిగి తెచ్చుకోవాలి. బెంగళూరులో ఉన్న తెలుగు పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంట్లో పదేళ్ళ పిల్లలుంటే, ఈసారి సెలవు దొరికినప్పుడు మిల్లర్స్ ట్యాంక్ బండ్ రోడ్డుకు తీసుకెళ్ళండి. శిక్షణ వివరాలు అడగండి, మంచి ఆటగాళ్ళు ఆడుతుంటే పక్కన కూర్చోబెట్టి చూపించండి.